నలభై డాలర్లు

ఎల్డన్ ప్రూయిట్ మా గడప తొక్కి
ఇరవై ఆరేళ్లు.
అప్పుడు, ఆరాధన మధ్యలో లేచి నిలబడి
"కానుకల పళ్లెంలో నలభై డాలర్లు తగ్గాయి,
అబద్ధమాడే చెయ్యి లెక్కలు రాయకూడదు" అన్నాడు.
మా ఆయన మెర్ల్ టోపీ తీసుకుని
పక్క తలుపులోంచి వచ్చేశాడు.
పాప మందులకా అని ఎవరూ అడగలేదు.
ఆయనా చెప్పలేదు.

ఈ అక్టోబరులో అదే ఎల్డన్ ఇంటిముందు
గడ్డిలో దిగేసిన ఎర్రట్ట మీద
నోరు తెరిస్తే బొంకే మనిషి పేరు.
"వంకర కర్రతోనూ దేవుడు
తిన్నగా గీత గీస్తాడు" అన్నారు పాస్టరు.
అందరూ ఆమెన్ అన్నారు.
నేనూ అన్నాను, నోటికి అలవాటు.

పోలింగు రోజు సాయంత్రం
కాన్సాస్ గాలి జొన్న మోళ్ల మీద ఈలలేస్తుంటే
తలుపు చప్పుడైంది.
ఎల్డన్. చొక్కాకి ఓటేసిన స్టిక్కరు,
చేతుల్లో మూత పెట్టిన గిన్నె.
"మెర్ల్‌తో ఒక్క మాట..." అన్నాడు,
మెర్ల్ పోయి నాలుగేళ్లని తెలిసీ.

స్టిక్కరు ఒక అంచు ఊడి
గాలికి కొట్టుకుంటోంది.
గిన్నె అందుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది.
లోపలికి రమ్మనలేదు.
తలుపూ వేయలేదు.