ఒక్కటే సర్వ

పొద్దుగాల ఆరింటికి వస్తరంట.
మక్తల్ నుంచి ఏడుగురు, కిరాయికి మాట్లాడుకున్న ఆటోల,
కురుమూర్తి జాతరకు పోతూ పోతూ
పిల్లను చూసి పోతరంట.
ఈ మాట చెప్పి కుర్మయ్య
చెప్పులేసుకొని బయటికి పోయిండు,
ఏం వండుదమని నేనడగక ముందే.

ఉప్మా అంటే సుట్టాలు మొఖం మాడ్చుకుంటరు.
ఇడ్లీ పిండి ఈ కార్తీకం చలికి పొంగనే పొంగది.
సర్వపిండైతే రాత్రే కాల్చి
బట్టల చుట్టి గుల్లల పెట్టొచ్చు,
పొద్దటికి ఇంకింత రుచికొస్తది.

బియ్యప్పిండి, నానిన శెనగపప్పు,
కచ్చాపచ్చ దంచిన పల్లీలు, నువ్వులు, దూసిన కరెపాకు,
కారం చేతికొచ్చినంత.
ఉల్లిగడ్డ తరుగుతుంటే
పావని దుప్పట్లకెళ్ళి తలకాయ తీసింది:
"దేవునికి పోయెటోళ్ళు గదా చిన్నమ్మా,
ఉల్లిగడ్డ తింటరా?"
తరిగిన ముక్కలు గిన్నెకెత్తి పక్కకు జరిపిన.
కండ్లు మాత్రం ఇంకా మండుతనే ఉన్నయి.

ఇంట్ల అడుగు మందమున్న సర్వ ఒక్కటే.
దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగ కొట్టిన అక్షరాలు:
సుగుణ పెండ్లికి, మేనమామ కట్నం.
నా పెండ్లికి ఎవ్వరూ ఏ గిన్నె మీదా పేరు కొట్టియ్యలే.
గుడి ముందట రెండు దండలు,
అటెన్క హోటల్ల తలా ఒక చాయ.

నూనె రాసి, ముద్ద పెట్టి,
అరిచేతితోటి అంచులెక్కేదాక ఒత్తి,
వేలితోటి గుంతలు పొడిచి, గుంతకో చుక్క నూనె.
మొదటిది మాడింది. అది నాకు.

చెక్క తీసినంక సర్వ కాగుతుంటది,
ఆ వేడిమీద ఒత్తితే చెయ్యి కాల్తది.
తొట్టి నీళ్ళల్ల దించితే సుయ్యిమంటది,
సల్లారేదాక గోడకు ఒరిగి కూసుండాలె.
ఏడుగురికి ఏడు. లెక్కేస్తే రాత్రి రెండు దాటుతది.
పొద్దున మొదలువెట్టిన్ననుకో,
ఒకరు నములుతుంటే ఆరుగురు నా మొఖం చూద్దురు.

నీళ్ళల్లకెళ్ళి తీసిన ప్రతిసారి
మసి కారిపోయి పేరు తేలుతుండె.
సుగుణ. సుగుణ.
మూడోసారి పలకరించిన గూడ:
"ఉప్పెంతేస్తుంటివే అక్కా?"
సర్వల ఒక నీటిబొట్టు అటూ ఇటూ ఉరికి ఆగింది.

ఐదోదానికి నా చేతులు పడిపోయినయి.
పావని లేచొచ్చి పీట గుంజుకుంది.
నా గుంతల పక్కన పిల్ల వేలి గుంతలు,
చిన్నగ, వంకరటింకరగ.
ఆరోది కాలుతుంటే ఉన్నట్టుండి అన్నది:
"మా అవ్వకు పండ్లు లేవు."

ఏడోది మందంగ ఒత్తిన.
నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, సెగ తగ్గించి
అడుగు ఎర్రబడక ముందే తీసిన.
కరకర లేని సర్వపిండి,
మా అమ్మ చూస్తే పెనుగాలికి విసిరినట్టు నవ్వు.

ఆరన్నోళ్ళు ఏడున్నరకొచ్చిండ్రు.
మామలు తిన్నరు, తలకాయలూపిండ్రు.
ఒకాయన నీళ్ళకని లోపలికొచ్చి
బోర్లించిన సర్వను తిప్పి,
అక్షరాల మీద బొటనవేలు రాసి, మళ్ళ బోర్లించిండు.
అవ్వ తునకలు తుంచి చాయల ముంచుకుంటుంది,
పావని ఆమె తొడకు ఆనుకొని కూసుంది.

నాలుగేండ్లాయె.
ఫోన్ల నా గొంతు వినబడితే చాలు పెట్టేసేది,
పిల్లకియ్యి అని గూడ అనకపోయేది.
ఇప్పుడు తలెత్తి సక్కగ నా దిక్కు చూసింది.

"ఉప్పు జర తక్కువైందే పిల్లా."

వంటింట్లకు ఉరికిన.
రాత్రంత నా మోకాలు పక్కనే ఉన్న ఉప్పుడబ్బ
ఎక్కడ పెట్టిన్నో
ఎంతకూ యాదికొస్తలేదు.