ఎనిమిది గ్లాసులు

గంటకోసారి కుడిచేతి మీద
గిలగిలలాడుతుంది గడియారం.
"నీళ్ళు తాగే వేళయింది!"
పక్కనే ఓ నీలం చుక్క బొమ్మ, పళ్ళికిలించి.

నాకు రోజుకి ముప్పావు లీటరు.
టీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క,
చారులో తేలే నీళ్ళతో సహా.
మా దమయంతి సీసాకి గోళ్ళరంగుతో గీత గీసింది.
"ఇది దాటితే నాతో మాటాడకు."
దాటను.
బుగ్గలో ఐసుముక్క పెట్టుకుని
జీడితోటల మీంచొచ్చే సముద్రపు గాలిని
చప్పరిస్తూ కూచుంటాను.

నడవమని డాక్టరు చెబితే కొన్నాను దీన్ని,
సోంపేట బజార్లో, పద్దెనిమిది వందలకి.
అడుగులు లెక్కపెట్టు, చాలన్నాను.
గొంతులోకి తొంగి చూస్తుందని ఎవడనుకున్నాడు?

ఇరవై రెండేళ్ళు కండక్టరు పని,
పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా.
తాగినోణ్ణి దించాను. టిక్కెట్టు తియ్యనోణ్ణి దించాను.
మేకపిల్లకి టిక్కెట్టేమిటని దెబ్బలాడినోణ్ణి
మేకతో సహా దించాను.
దీన్ని దించలేకపోతున్నాను.

సెట్టింగుల్లోకి వెళ్ళాను.
పడుకోమని చెప్పొద్దన్నాను, సరే అంది.
ఊపిరి పీల్చమని చెప్పొద్దన్నాను, సరే అంది.
నీళ్ళ దగ్గర మాత్రం బొత్తాం బూడిదరంగులో ఉంది.
తోస్తే కదలదు,
తుప్పు పట్టిన బస్సు కిటికీలాగ.

ఫోన్ల షాపు దిల్లేశ్వరరావు
కళ్ళద్దాలు నుదుటికెత్తి అరగంట చూశాడు.
"ఇది తియ్యడానికి అవదు కండక్టరు బావూ,
కంపెనీవోడు లోపలెట్టేసినాడు.
అయినా నీలు తాగమంటే తప్పేటి? మంచిదే కదేటి?"

మా ఊళ్ళో నీళ్ళని మంచివని
ఎవరూ అంత తొందరగా అనరు.

విప్పి బియ్యండబ్బాలో పడేశాను.
ఫోను మోగింది:
"మీ గడియారం కనబడట్లేదు. నీళ్ళు మాత్రం మర్చిపోకండి!"

ఆఖరికి లంచమిచ్చాను.
"తాగాను" అని ఓ బొత్తాముంది, నొక్కితే ఊరుకుంటుంది.
నొక్కాను. తెర మీద చిన్న అలలు లేచాయి.
ఎనిమిదిసార్లు నొక్కితే బంగారు కప్పిచ్చింది.
సర్వీసులో ఒక్క తప్పుడు టిక్కెట్టు చింపినోణ్ణి కాదు,
ఇప్పుడు తాగని నీళ్ళకి
రోజుకెనిమిది కొడుతున్నాను.

మంగళవారం డయాలసిస్.
తూకమేస్తే రెండున్నర కిలోలు ఎక్కువ.
మార్తమ్మ నా చీలమండ మీద బొటనవేలు నొక్కింది.
గుంట పడింది, పూడలేదు.
సరిగ్గా అప్పుడే మంచం మీద ఫోన్లో తారాజువ్వలు:
"అభినందనలు! వరసగా ఏడు రోజులు! పద్నాలుగు లీటర్లు!"

చిల్లర నొక్కేసినోణ్ణి చెకింగు స్క్వాడు చూసే చూపు
నాకు తెలుసు.
నా మీద పడ్డం అదే మొదటిసారి.

"ఏటిది, నీలాద్రి బావూ?"
"అబద్ధమమ్మా. నొక్కాను గానీ తాగలేదు."
"మరి ఈ రెండున్నర కిలోలో?"

పైన పంకా తిరుగుతోంది.
పక్కమంచం గుంటడు అటు తిరిగి పడుకున్నాడు.

"ఒక్కటి నిజం," అన్నాను.
"ఆదివారం. మా ఆవిడ చర్చా సంఘం మీటింగుకెళ్ళింది.
ఇది మోగింది. కుండ దగ్గరే ఉన్నాను.
గ్లాసు కాదు, చెంబు."

మార్తమ్మ తిట్టలేదు.
ఎడమచేతి మీద స్టెతస్కోపు ఆనించింది.
అక్కడ ఫిస్టులా, లోపల నెత్తురు
తుమ్మెదలా రొద చేస్తుంటుంది.
అది ఆగిన రోజున పరిగెత్తుకు రమ్మన్నారు.
రాత్రిళ్ళు ఆ చెయ్యి చెవి కింద పెట్టుకునే పడుకుంటాను.

ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది.
కుడిచెయ్యి గిలగిలలాడింది.

కళ్ళు తెరవకుండానే
గడియారం మీద అరచెయ్యి మూసి
"మాటాడకు" అంది,
దాన్నో, నన్నో.