ఇంకో ముద్ద తర్వాత

సవెలుగు దాటాక, ఎర్రమట్టి దారి రెండుగా చీలే చోట
మంగళవారం మంగళవారం నేను పిల్లల్ని తూస్తాను.
షియా చెట్టు కొమ్మకి తక్కెడ,
నీలం జోలెలో కాళ్ళాడించే పసివాళ్ళు.
ముల్లు వణికి వణికి ఒక అంకె దగ్గర ఆగుతుంది.
దాన్ని కార్డు మీద చుక్కగా పెడతాను.
చుక్కలు పైకి ఎక్కాలి.
ఎక్కడం లేదు.

తమాలే నుంచి బొమ్మల పటం తెచ్చాను:
గుడ్డు, చేప, పప్పు, ఆకుకూర, నారింజ.
తల్లులు మర్యాదగా చూశారు.
నారింజకి రంగు బాగా కుదిరిందన్నారు.
వెనక నుంచి నపరి అడిగింది:
"వుంపినీ, మా ఏరు ఎండి మూడు నెలలైంది,
ఈ చేప ఏ నీళ్ళలోది?"
పటం చుట్టి చంకలో పెట్టుకున్నాను.

ఆ రాత్రి బండి మొరాయించి ఊళ్ళోనే చిక్కుపడ్డాను.
అజారా వాకిట్లో మంట, మంట చుట్టూ పిల్లలు.
పగలు కథ చెబితే దారి తప్పుతామని ఆమె నమ్మకం.
చీకటి పడ్డాకే నోరు విప్పుతుంది,
అదీ కుండ మూత తీశాకే.

దావదావా గింజల పులిసిన వాసన గుప్పుమంది.
బళ్ళో నా గౌనుకి అంటుకుని
నన్ను వెనక బెంచీకి తోసిన వాసన.
ఇన్నేళ్ళకి దానికి నోట్లో నీళ్ళూరాయి, ఏం చెప్పను.

సజ్జ సంకటి, మునగాకు, దంచిన వేరుశనగ,
పుల్లగా నాలుగు గోంగూర రెబ్బలు.

అనగనగా ఒక దుమ్ములగొండి,
దానికి అప్పిచ్చి తిరుగుతున్న కుందేలు.
తిరిగి తిరిగి దాహమేసి కుందేలు
బావిలోకి తొంగి చూసిందట.
బావిలో...

"ఊఁ, బావిలో?"

"టియుంబా గిన్నెలో ఆకు అలాగే ఉంది," అంది అజారా.
"ఆకు కదిలితేనే కుందేలు కదిలేది."

ఇరవై జతల కళ్ళు టియుంబా మీద పడ్డాయి.
నా కార్డుల్లో అందరికన్నా కింద ఉన్న చుక్క వాడే.
మింగాడు పాపం, లోకమంతా తన గొంతులో ఆగిందన్నట్టు.

ఫుసేనా కథలు నత్త నడక.
బాంబరా గింజలు ఉడకాలంటే
నపరివి మూడు చాలవు, ఫుసేనాది ఒకటి చాలు.
ఆ ఊళ్ళో గడియారం అదే.
ఎవరూ ఇనుము అనలేదు, విటమిన్ అనలేదు.
గద్ద ఎందుకు అరుస్తుందో చెప్పారు,
తాబేలు అత్తారింట్లో పడ్డ అవమానం చెప్పారు,
గిన్నెల అడుగులు నున్నగా మెరిశాయి.

చుక్కలు కదిలాయి.
వానలు కూడా పడ్డాయిలెండి, అదీ లెక్కలో రాయాలి.
అంతా తన నోటి చలవే అంటే
అజారాయే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూస్తుంది.

కోతల తర్వాత ఆమె జబ్బకి పట్టీ చుట్టాను.
పాదరసం దిగనంటుంది.
చాప కింద చెయ్యి పెడితే
మసాలా బిళ్ళలు గుప్పెడు, తీపి పాల డబ్బా ఒకటి,
దాని అంచు నాకినట్టు శుభ్రంగా.
"ముసలి నాలుక, తల్లీ. ఏ రుచీ తగలదు.
పిల్లలకంటే నేను చెబుతాను,
నాకెవరు చెబుతారు కథ?"

ఉప్పు తగ్గించిన ఆకు కూర ఆమె ముందు పెట్టి
నేను మొదలెట్టాను.
జీవితంలో నేను చెప్పినవన్నీ అంకెలే.
అనగనగా ఒక కుందేలు, దాని పొడుగాటి తోక...

"తోకా! కుందేలుకా!"
కోపంతో ఒక ముద్ద నోట్లో కుక్కుకుంది
నన్ను తిట్టడానికి బలం కావాలిగా.

నాకు కిటుకు దొరికింది.
దుమ్ములగొండికి కొమ్ములు పెట్టాను,
ఇంకో ముద్ద దిగింది.