వెదురు యార్డు, రెండో షిఫ్టు

కాలేజీలో నిప్పుని మూడు గీతల్తో గీసేవాళ్లం.
ఇంధనం, గాలి, వేడి.
ఏదో ఒక గీత చెరిపేస్తే చాలు,
మంటా ఆరేది, మార్కులూ పడేవి.

రాయగడ కాగితం మిల్లులో నాకిచ్చినవి
ముందున్న ట్రైనీ పేరు గోకేసిన పసుపు హెల్మెట్టు,
ఒక బాల్‌పెన్ను,
నాలుగువందల పదహారు ఎర్ర సిలిండర్లు.
నెలనెలా ఒక్కోదాని మెడలో ట్యాగు,
ట్యాగు మీద నా పొట్టి సంతకం.
గుణుపురం నించి అమ్మ ఫోను:
"ఏటి సేస్తన్నావే ఇంజినీరమ్మా?"
"డబ్బాల మీద దుమ్ము దులుపుతన్నానే."

తూర్పు మూల హైడ్రంటు తిప్పితే
ముందు ఒక బల్లి వచ్చింది,
తర్వాత తుప్పు,
చాలాసేపటికి నాగావళి.
రిజిస్టరులో మాత్రం దానికెప్పుడూ ఏడు కేజీల ప్రెషరు.
మూడేళ్లుగా ఏడు. ఒకే చేతిరాత, ఒకే సిరా.

ఫైరు బండి మీద దాసు కద్రక.
రిటైరవడానికి పద్నాలుగు నెలలు.
నాతో తెలుగు, ఆఫీసరుతో ఒడియా,
మొరాయించిన ఇంజనుతో కువి మాట్లాడతాడు.
మీ భాషలో నిప్పునేమంటారు బాబాయ్?
"హిచ్చు."
నవ్వొచ్చింది నాకు. మాకూ చిచ్చే కదా!
"మీరు ఇళ్ల మధ్య పెడతారు," అన్నాడు,
"మేం పొయ్యిలో పెడతాం."

మార్చి.
యార్డులో వెదురు మూడు నిలువుల ఎత్తు,
ఎండకి కణుపులు టప్పుమని పగులుతున్నాయి.
రెండో షిఫ్టులో కన్వేయరు బ్రాకెట్టు విరిగింది,
సరిగ్గా చిప్పులు జారే గొట్టం పైన.
వెల్డింగు పర్మిటు తెచ్చారు.
తొమ్మిది గళ్లు, ఎనిమిదింట్లో టిక్కులు వేసేసే ఉన్నాయి.
తొమ్మిదో గడిలో నా పేరు పడాలి.

"పావుగంట పని మేడమ్," మహంతి గారు.
"గంట ఆగితే కంపెనీకెంతో తెలుసా?"
తెలుసు. నా ఏడాదిన్నర జీతం.
కింద చిప్పులు ఊడవాలి, తడపాలి,
గొట్టానికి తడిగోనెలు చుట్టాలి,
పనయ్యాక కూడా అరగంట ఒక మనిషి కాపలా ఉండాలి అన్నాను.
గొంతు వణికింది.
పుస్తకంలో పేజీ నంబరు కూడా చెప్పాను,
ఎందుకు చెప్పానో.
అందరూ నవ్వారు.
దాసు నవ్వలేదు. నా తరఫున మాట్లాడనూ లేదు.
వెళ్లి గొట్టం చుట్ట విప్పడం మొదలెట్టాడు, అంతే.

మూడు గంటల పది నిమిషాలు.
నీళ్లలో పడ్డ రవ్వలు చుయ్‌మన్నాయి.
ఏదీ అంటుకోలేదు.
"చూశారా, ఏమీ కాలేదుగా!" అన్నారు మహంతి గారు.
ఆ మాటని ఎటునించి చదువుకోవాలో
నాకింకా తెలీలేదు.

సోమవారం నించి నన్ను క్యాంటీను గ్యాసుకి మార్చారు.
బ్యాచి గ్రూపులో ఎవరో అడిగారు:
ఇప్పటిదాకా నిజం మంట ఎవరైనా చూశారా?
పదకొండు మంది లేదన్నారు.
బాణసంచా గోడౌన్లో చేరిన ఫణిభూషణ్
చదివి, ఏమీ రాయలేదు.

రాత్రి కొండల మీద పోడు మంటలు,
ఎవరో ఎర్రదారంతో కుట్టు వేస్తున్నట్టు.
ఆపేవాళ్లుంటారా అనడిగాను.
"మా చెల్లెలి కొడుకు కూర్చునుంటాడు," అన్నాడు దాసు,
"పొద్దుటిదాకా. వాడికి నిద్ర తక్కువ."

క్యాంటీను నించి వస్తూ తూర్పు మూలకి మళ్లాను.
ఈసారి బల్లి లేదు.
గేజి ముల్లు వణికి, ఆగింది.
రిజిస్టరు తెరిచి రాశాను: నాలుగున్నర.
అన్ని ఏడుల కింద అది
పన్నూడిన చోటులా ఉంది.
నాలుక పదే పదే అటే పోతోంది.