ఇరవై మూడో టోకెన్

జియాగూడకు నెత్తురు కొత్త కాదు.
తెల్లారి నాలుగింటికే మండి కాడి నుంచి
మూసీ దిక్కు పారే కాల్వ ఎర్రగైతది.
మోకాళ్లదాంక తడిసినోళ్లు
బీడీ ముట్టించి, ఇరానీ చాయ్ తాగి
ఏం కానట్టే ఇండ్లకు పోతరు.
గొర్రె నెత్తురుకు జంకనోళ్లే
తమ నెత్తురు రెండు చుక్కలు
గొట్టంల పడుతుంటే
మొఖం గోడకు తిప్పుకుంటరు.

ఆ గోడ పక్క కుర్చీ నాది.
పద్నాలుగేండ్ల సంది నరాలు వెతుకుతున్న.
గది ముంగట బోర్డు మీద పెద్ద పేరే ఉన్నది,
ఎవ్వరు చదవరు.
"ఆ పరీక్ష" అంటరు.
కొందరు అది గూడ అనరు,
కండ్లతోని తలుపు చూపిస్తరు.
షుగర్ కొరకని వచ్చి, బీపీ చూపిచ్చుకొని,
పోబోయి, మలుపుల ఆగి,
చెప్పు తెగినట్టు వంగి
ఎవరన్న చూస్తున్నరా అని చూసి
అప్పుడు లోపలికొస్తరు.
కార్వాన్‌ల ఉండే ఆమె నాంపల్లి దవాఖానకు పోతది,
నాంపల్లిల ఉండే ఆయన ఇక్కడికొస్తడు.
ఈ పట్నంల సిటీ బస్సులు
సగం సిగ్గునే మోస్తయని నా లెక్క.

ఆ సోమారం కార్పొరేటర్ లలితాబాయి వచ్చింది.
ముంగట కెమెరాలు, ఎనుక కెమెరాలు,
నడుమ గంజి పెట్టిన చీర.
నిజం చెప్తే నాకు నచ్చలే.
నా కుర్చీకి ఎవడో దండ ఏసిండు,
తీసి పక్కన పెట్టిన.
ఆమె గాజులు పైకి జరిపి చెయ్యి చాపింది.
నాకు చేతులు తెలుసు.
ఆ చెయ్యి చల్లగున్నది, తడిగున్నది.
సూది తప్పింది.
తప్పుడు నాకు కొత్త కాదు గని
పదకొండు కెమెరాల ముంగట కొత్త.
"తొందరేం లేదు బిడ్డా" అన్నది.
రెండోసారికి నరం దొరికింది.
"సార్, మాకు సరిగ రాలే, ఇంకోపారి గుచ్చుండ్రి"
అన్నడు ఒక పోరడు.
ఆమె వాని దిక్కు చూసింది.
"గీ నెత్తురు నాటకానికి కాదు కొడుకా."

ఆ మాట ఏ పేపర్ల రాలే.
ఫొటో వచ్చింది. నవ్వుతున్నది.

మర్నాడు వాళ్ల గల్లీ గోడ మీద బొగ్గు రాత:
"పరీక్ష ఎందుకో?"
మిర్చీల బండి కాడ ఒకడు
"ఉత్తగనే చేయించుకుంటరా" అని నూనెల నవ్వు ముంచిండు.
మరిది సున్నం బకెట్ తెస్తే ఆపిందట.
ఇన్నేండ్లు మంది మీద మనం రాసినయి తక్కువనా,
నా మీద ఒక్కటుండనియ్యి అన్నదట.
అన్నదో లేదో నాకు తెల్వది.
జియాగూడల మాట మూసీ నీళ్ల లెక్క,
ఏది యాడ కలిసిందో చెప్పరాదు.

గురువారం
గుడిమల్కాపూర్‌ల పూలమ్మే ఒకామె
మల్లెలు చుట్టిన పేపర్‌నే సాపు జేసి
నా టేబుల్ మీద పరిచింది, తడి తడి.
"ఈ కుర్చేనా?"
ఇదే.
"అయితే నాకు గూడ చెయ్యి."
తర్వాత తోళ్ల గోదాం నుంచి ఒకాయన, పేరు చెప్ప.
ఇంకో వారానికి అల్లుణ్ణి రెక్కవట్టి తెచ్చిన అత్త.
"ఆ పరీక్ష" పోయి "బాయమ్మ పరీక్ష" అయింది.
రోగం అదే. సూది అదే.
రిజిస్టర్‌ల నా కోడి గీతలు గూడ అవే.
ఒట్టి పేరు మారినందుకే
కొందరి చెప్పులు తెగుడు బందైంది.
అందరియి కాదు.
నాంపల్లి ఆయన ఇప్పటికీ ఇక్కడికే వస్తడు.

మూడు నెలలాయె.
వాన. కరెంటు లేదు.
"ఇరవై మూడు" అని పిలిస్తే
గొడుగు మడుసుకుంట ఒకామె లేసింది.
గంజి చీర కాదు. ఎంబడి మరిది లేడు.
గాజులు పైకి జరిపింది.
మళ్లెందుకని నేనడగలే.
అడగకపోవుడే నా కొలువు.
ఇది గూడ ఆమె రాయమంటేనే రాస్తున్న.
చెయ్యి ఆనాటి లెక్కనే చల్లగ.
నరం ఒక్కసారికే దొరికింది.
"రిపోర్టు ఎన్నింటికొస్తది?" అన్నది
అందరడిగే గొంతుతోనే,
నేల చూసుకుంట.

బయట బల్ల మీద
ఇరవై రెండు, ఇరవై నాలుగు
కొంచెం కొంచెం జరిగిన్రు.
ఆమె కూసున్నది.