నానిన మాట

హల్‌లో టెలిఫోన్ పెట్టెలు ఎర్రగా ఉండవు,
మీగడ రంగు.
నైట్ డ్యూటీ దిగి వస్తుంటే రోజూ ఒకటి కనబడుతుంది
లోపల ఎవరో మరిచిపోయిన గొడుగు.

నోట్లో నువ్వుగింజ నానదని
చిన్నప్పుడు మా పిన్ని దెప్పేది నన్ను.
ఇప్పుడు చూడు పిన్నీ,
నాలుగేళ్ళుగా ఒక్క మాట నానబెట్టాను.
దాన్ని బుగ్గన పెట్టుకునే హాండోవర్ ఇచ్చాను,
బుగ్గన పెట్టుకునే ఎవరి పుట్టినరోజుకో కేకు కోశాను.
మొలకొచ్చింది.

ఆ ఏడాది గురువారాలు
వీధి వీధంతా గిన్నెలు మోగించింది మాకోసం.
నేనప్పుడు లోపల
పదకొండో బెడ్ ముసలాయన చెవికి ఫోన్ ఆనించి నిలబడ్డాను.
అవతల ఆయన కూతురు,
కుక్కకి స్నానం చేయించాను నాన్నా అంటోంది.
ఇంకేం చెప్పాలో తెలీక
మళ్ళీ మళ్ళీ కుక్క సంగతే.
నా చెయ్యి నొప్పెట్టింది. మార్చుకున్నాను.
ఆ మార్చుకున్న క్షణంలో ఆవిడ ఏమందో
ఆయనకి వినబడలేదేమో.

దీన్ని ఏ ఫారంలో రాయాలి?
"గత రెండు వారాల్లో ఎన్నిసార్లు" అంటుంది కాగితం.
పేషంట్లకి నేనే చదివి వినిపిస్తాను,
గొంతు తగ్గించి, తొందరేం లేదండీ అంటూ.
నా కాగితం మీద మాత్రం
లిఫ్ట్ వచ్చేలోపు
అన్నిటికీ "అసలు లేదు" టిక్కు కొట్టేశాను.
మంగళవారాలు మనోస్థైర్యం క్లాసు పెట్టారు.
వెళ్ళినవాళ్ళకి అరటిపండు.

కీరన్ లాకరు ఫిబ్రవరిలో తెరిచారు.
ఒక జత మేజోళ్ళు, సగం మిగిలిన పిప్పరమెంట్లు,
తర్వాతి నెల రోటా.
అందులో తను సెలవడిగిన మూడు రోజులకి పసుపు గీత.
ఎలా అని టీ గదిలో గుసగుసలు.
ఎప్పట్నుంచి అని
ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ పొద్దున్న
వార్డు తుడిచే మావిస్ నా కారు అద్దం మీద తట్టింది.
తాళం చేత్తో పట్టుకుని
ఇరవై నిమిషాలుగా కూర్చునే ఉన్నానట.
పక్క సీట్లో కూలబడి, బ్లీచ్ వాసనతో,
పెట్రోలుందా అని అడిగినంత మామూలుగా
"చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" అంది.

హంబర్ మీంచి మంచు.
ఒక సముద్రపు పిట్ట ఎవరి శాండ్‌విచ్చో లాక్కుపోతోంది.
అవునని తెలుగులో వచ్చింది నోటికి.
ఆవిడకి అర్థమైంది.

తాళం తీసి తన ఏప్రన్ జేబులో వేసుకుంది.
"డాక్టరు తలుపు ఎనిమిదిన్నరకి తీస్తారు.
ఇద్దరం వెళదాం. అందాకా ఇక్కడే."

ఇంకా యాభై నిమిషాలుంది.
కుక్క సంగతితో మొదలుపెట్టాను.