గోటి గీటు

గుణదల కొండమీద మా ఇంటికి
నూట పదహారు మెట్లు.
నీళ్లు మోసుకోవాలి, గ్యాసుబండ మోసుకోవాలి.
పెళ్లైన కొత్తలో తెలియలేదు
మట్టి కూడా మోసుకోవాలని.

రాతి మీద ఇల్లు మాది.
గునపం వేస్తే నిప్పురవ్వ లేస్తుంది గాని
గుప్పెడు మన్ను లేవదు.

సువార్త కింద ఫ్లాట్లలో పని ముగించుకుని
చెత్తడబ్బాల పక్కన ఒక్క నిమిషం ఆగేది.
ఇల్లు ఖాళీ చేసేవాళ్లు
టీవీ తీసుకెళ్తారు, చిరిగిన పరుపూ తీసుకెళ్తారు,
మందారాన్ని మాత్రం వదిలేస్తారు
లారీలో చోటు లేదని.
ఆమె వంగి ఎండుకొమ్మని గోటితో గీకేది.
లోపల పచ్చగా కనిపిస్తే
"ఉంది" అనేది.
అంతే. ఏముందో చెప్పేది కాదు.

నేను ఆటో నడుపుతాను,
రామవరప్పాడు రింగు నుంచి బస్టాండు దాకా.
మొదట్లో తిట్టేవాణ్ణి.
"మనకే దిక్కు లేదు,
దిక్కు లేనివన్నీ మనకెందుకే?"
వినలేదు. మాట వినే మనిషైతే
నన్ను చేసుకునేదే కాదు.

మూత పోయిన పెయింటు డబ్బాలో వామాకు,
చిల్లుపడ్డ ఇడ్లీపాత్రలో పుదీనా
(చిల్లు మంచిదేనట, నీరు నిలవదట),
మా తమ్ముడి హెల్మెట్‌లో కలబంద.
వాడు బతికినన్నాళ్లూ దాన్ని తలకి పెట్టలేదు.
బియ్యం కడుగు, చేపలు కడిగిన నీళ్లు,
టీ పిప్పి, గుడ్డు పెంకులు...
మా ఇంట్లో వృథా అనే మాటకి
కూర్చోడానికి పీట లేదు.

మట్టి మోసింది మా చిన్నది.
బుడమేరు కట్ట మీద నుంచి
బడిసంచిలో, పుస్తకాల అడుగున,
రోజుకి రెండు దోసిళ్లు.
సోషల్ నోట్సు బురదైందని
టీచరమ్మ బెంచీ ఎక్కించింది.
ఆ రోజు పాఠం నేలల గురించేనట.

నేనెప్పుడు మారానో నాకే తెలియదు.
పటమటలో ఒక ఫంక్షన్ హాలు వెనక
రాత్రి పదకొండింటికి
స్టేజీ మీద మెరిసి దిగిన మొక్కలు
బిర్యానీ ఎంగిలాకుల మీద పడున్నాయి.
బేరం వదులుకుని ఆటో ఆపాను.
ఫోను లైటు వేసి
గోటితో గీశాను.
వెనక సీట్లో నలుగుర్ని కూర్చోబెట్టుకుని వస్తుంటే
బెంజి సర్కిల్లో పోలీసు చెయ్యెత్తాడు.
"ఎవరివిరా ఇవి?"
"ఎవరివీ కావు సార్. అందుకే."

ఆ ఏటి వానకి మా మట్టంతా
మెట్లమీదుగా పారి
కిందింటి మరియదాసు వాకిట్లో చేరింది.
నెల తిరక్కుండా
వాళ్ల గడప పగుల్లో టమాటా మొలిచింది.
మట్టి మాదని మేము, గడప మాదని వాళ్లు.
తగువు కాయ పండేదాకా నడిచింది,
రోట్లో పడ్డాక ఆగింది.
గిన్నెడు పచ్చడి పైకొచ్చింది.
గిన్నె మాత్రం కిందికి పోలేదు.
సువార్త దాంట్లో ధనియాలు చల్లింది.

అదే వానలో మెట్టు జారి
నా కాలు విరిగింది.
పెద్దాసుపత్రిలో మత్తు దిగేసరికి
ముంజేతి మీద ఏదో చురుక్కుమంది.
కళ్లు తెరిస్తే సువార్త గోరు.
మూడు రాత్రులు నిద్ర లేని మొహంతో
"ఉంది" అంది
పక్క మంచం ఆవిడతో.

నలభై రోజులకి కట్టు కోశారు.
తెల్లగా, బోలుగా, మోకాలి దాకా,
అచ్చం నా కాలిలాగే బల్ల మీద పడుంది.
దానివంక అదోలా చూసింది.
"వద్దే" అన్నాను.
కాంపౌండరు కాలితో చెత్తబుట్ట జరిపాడు.
ఆమె అప్పటికే దాన్ని
దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుని
అడుగున చిల్లుందో లేదో చూస్తోంది.